కాలేజ్ స్ట్రీట్: కవిత్వాన్ని మోసిన బడి పుస్తకాలు

కలకత్తాలో బౌబజార్ కూడలి దగ్గర మొదలై ఉత్తరంగా మహాత్మా గాంధీ రోడ్డు కూడలి దాకా సాగే దారి కాలేజ్ స్ట్రీట్. తాపీగా నడిచినా ఇరవై నిమిషాల్లో ఈ చివర నుంచి ఆ చివరకు చేరిపోవచ్చు. ఆ కాస్త దూరంలోనే మెడికల్ కాలేజీ, కలకత్తా విశ్వవిద్యాలయం, ప్రెసిడెన్సీ, సంస్కృత కాలేజీ, హేర్ స్కూల్, హిందూ స్కూల్ ఉన్నాయి. వాటి ప్రహరీలకు ఆనుకుని ఫుట్‌పాత్ పొడవునా రేకుల కొట్లు, కొట్ల నిండా పైకప్పు దాకా పేర్చిన పుస్తకాలు. బెంగాలీలు ఈ చోటుని 'బొయ్ పాడా' అంటారు. పుస్తకాల పేట.

ఈ పేట గురించి ఎక్కడ చదివినా కథ దాదాపు ఒకేలా నడుస్తుంది. కాఫీ హౌస్, పొగ, కవులు, వాదనలు, విప్లవం, పాత పుస్తకాల వాసన. అందులో అబద్ధమేమీ లేదు. కానీ కవులు ఏనాడూ ఈ పేటకు అద్దె కట్టలేదు. కట్టింది సిలబస్. రెండు వందల ఏళ్లుగా ఇక్కడ అమ్ముడైన పుస్తకాల్లో పెద్ద వాటా వాచకాలది, వ్యాకరణాలది, మెడికల్ పుస్తకాలది, పరీక్షల 'కీ'లది, గైడ్లది. ఆ రాబడి మీదే అచ్చాఫీసులు, బైండింగ్ షెడ్లు, కాగితం కొట్లు నిలబడ్డాయి. కవిత్వం వాటి పక్కన చోటు చేసుకుంది. ఈ వరస తెలియకపోతే కాలేజ్ స్ట్రీట్ ఎందుకు పుట్టిందో తెలియదు, ఇప్పుడు ఎక్కడ బలహీనపడుతోందో అంతకన్నా తెలియదు.

కాలేజీ, పుస్తకం ఒకే ఏడాది

1817 జనవరిలో హిందూ కాలేజీ (తర్వాతి ప్రెసిడెన్సీ) మొదలైంది. అప్పటికి దానికి సొంత ఇల్లు లేదు, ఉత్తర కలకత్తాలో ఒక అద్దె ఇంట్లో నడిచింది. అదే ఏడాది జులైలో కలకత్తా స్కూల్ బుక్ సొసైటీ పుట్టింది. ఇంగ్లీషులోనూ దేశభాషల్లోనూ బడి పుస్తకాలు అచ్చేయించి చవగ్గా అందించడం దాని పని. రెండింటి వెనకా డేవిడ్ హేర్ అనే స్కాట్లండ్ మనిషి ఉన్నాడు. గడియారాల వ్యాపారం చేసుకోవడానికి వచ్చి, వ్యాపారం వదిలేసి బళ్లు పెట్టుకుంటూ పోయాడు. 1842లో కలరాతో పోయాడు. ఆయన సమాధి ఇప్పటికీ వీధి పక్కనే చెరువున్న కాలేజ్ స్క్వేర్‌లోనే ఉంది.

1824లో ప్రభుత్వం సంస్కృత కాలేజీ పెట్టింది. కాలేజ్ స్క్వేర్ పక్కన దానికోసం కట్టిన భవనంలోకే హిందూ కాలేజీ కూడా చేరింది. ఒక రెక్కలో వ్యాకరణం, తర్కశాస్త్రం, మరో రెక్కలో షేక్‌స్పియర్, హేతువాది టామ్ పెయిన్. 1826లో హెన్రీ డెరోజియో అనే పదిహేడేళ్ల కుర్రాడు హిందూ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరాడు. పిల్లలకు ప్రశ్నించడం నేర్పాడు. వాళ్లు కులాన్నీ విగ్రహారాధననీ ప్రశ్నించేసరికి తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు. 1831లో ఆయన్ని ఉద్యోగం నుంచి తప్పించారు. అదే ఏడాది డిసెంబరులో చనిపోయాడు, ఇరవై రెండేళ్లకే. 'యంగ్ బెంగాల్' అని పేరుపడిన ఆయన శిష్యులు మాత్రం తర్వాత చాలాకాలం నగరంలో పత్రికలు నడుపుతూ, సభలు పెడుతూ ఉన్నారు.

దీన్ని చూసి ఇదంతా అందరికీ తెరిచిన తలుపు అనుకోకూడదు. హిందూ కాలేజీ పేరుకు తగ్గట్టే హిందువుల పిల్లలకే, అందులోనూ ఫీజు కట్టగల కుటుంబాలకే. సంస్కృత కాలేజీలో మొదట బ్రాహ్మణ, వైద్య కులాల పిల్లలకే ప్రవేశం. 1851లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ ప్రిన్సిపల్ అయ్యాక కాయస్థులకూ, మరికొన్నేళ్లకు మిగతా హిందువులకూ తలుపు తీశారు. కాలేజ్ స్ట్రీట్ మేధావుల పేట అయిందంటే అందులో ఎవరి మేధ అనే ప్రశ్న మొదటినుంచీ ఉంది.

విద్యాసాగర్ అనగానే తెలుగువాళ్లకు వితంతు వివాహాలు, ఆ వెంటనే కందుకూరి వీరేశలింగం గుర్తొస్తారు. అయితే ఈ వీధి కోణంలో చూస్తే ఆయన మొట్టమొదట పుస్తకాల వ్యాపారి. 1847లో స్నేహితుడు మదన్‌మోహన్ తర్కాలంకార్‌తో కలిసి సంస్కృత ప్రెస్ పెట్టారు. పెట్టుబడి ఆరు వందల రూపాయలు, అదీ అప్పు. మొదటగా ఒక పాత బెంగాలీ కావ్యాన్ని కృష్ణనగర్ రాజావారి దగ్గరున్న ప్రతితో సరిచూసి అచ్చేశారు. ఫోర్ట్ విలియం కాలేజీ ఒక్కొక్కటి ఆరు రూపాయల చొప్పున వంద ప్రతులు కొంది. అప్పు తీరిపోయింది. సంస్థాగత కొనుగోలు అనేది ప్రచురణకర్తకు ఎంత అవసరమో ఇంతకంటే చక్కగా చెప్పే లెక్క దొరకదు. ఆ తర్వాత ప్రెస్‌కి తోడు 'డిపాజిటరీ' పేరుతో పుస్తకాల దుకాణం పెట్టారు. ఇతరులు అచ్చేసినవి కూడా అక్కడ పెట్టి, అమ్మాక కమిషన్ పట్టుకుని సొమ్ము ఇచ్చేవారు. 1855లో ఆయన రాసిన 'బర్ణపరిచయ్' అనే పిల్లల వాచకం వచ్చింది. తెలుగులో పెద్ద బాలశిక్షకు ఎలాంటి స్థానం ఉందో బెంగాలీ ఇళ్లలో దానికి అలాంటిది. ఇవాళ్టికీ అమ్ముడవుతోంది.

ఆ రోజుల్లో అచ్చు ఏ దిక్కుకు నడిచిందో చూపించే లెక్క కూడా ఒకటుంది. జేమ్స్ లాంగ్ అనే మిషనరీ 1857లో కలకత్తాలో అచ్చయిన బెంగాలీ పుస్తకాల వివరాలు సేకరించాడు. మొత్తం ఐదున్నర లక్షల ప్రతులకు పైగా తేలాయి. అందులో పెద్ద వాటాలు రెండు రకాలవి. ఒకటి పంచాంగాలు, రెండోది బడి పుస్తకాలు. పంచాంగాలు, పాటల పుస్తకాలు, చవక కథలు ఉత్తర కలకత్తాలోని బట్‌తలా వైపు అచ్చయ్యేవి. చదువుల పుస్తకాలు మెల్లగా కాలేజీల ముందుకు చేరాయి. బళ్ల ముందు కొట్టు పెడితే గిరాకీ కోసం వెతుక్కోనక్కర్లేదు కదా.

1857 జనవరి 24న కలకత్తా విశ్వవిద్యాలయం పుట్టింది. అదే ఏడాది మద్రాసులోనూ బొంబాయిలోనూ వచ్చాయి. మొదట్లో వీటిలో పాఠాలు చెప్పేవారు కాదు. లండన్ విశ్వవిద్యాలయం పద్ధతిలో సిలబస్ పెట్టడం, పరీక్ష పెట్టడం, పట్టా ఇవ్వడం, అంతే. కలకత్తా పరిధి ఒకపక్క పంజాబ్ దాకా, మరోపక్క బర్మా దాకా పోయేది. ఆ పరీక్ష ఎంత గట్టిదంటే 1858లో మొదటి బీఏలో ఇద్దరే గట్టెక్కారు. ఆ ఇద్దరిలో ఒకరైన బంకించంద్ర ఛటర్జీకి కూడా గ్రేస్ మార్కులు కలపాల్సొచ్చింది. ఇంత పెద్ద ప్రాంతమంతా ఒకే పరీక్ష రాస్తుంటే, ఆ పరీక్ష పెట్టే ఆఫీసు ఎదురుగా పుస్తకాల బజారు పుట్టకుండా ఉంటుందా? వాచకాలతోపాటే వాటికి 'కీ'లు, నోట్సులు వచ్చాయి. గైడ్ పుస్తకం ఈ మధ్య పుట్టిన జాడ్యం అనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

1876 ప్రాంతంలో గురుదాస్ చటోపాధ్యాయ్ పెట్టిన కొట్టు కథ ఇక్కడ బాగా సరిపోతుంది. దాని పేరే 'బెంగాల్ మెడికల్ లైబ్రరీ'. వైద్య విద్యార్థులకు పుస్తకాలు అమ్ముకునే చిన్న వ్యాపారం. అదే పెరిగి పెద్దదై, తర్వాతి తరంలో బెంగాలీ నవలలను అచ్చేసే అతి పెద్ద సంస్థల్లో ఒకటైంది, 1913 నుంచి 'భారత్‌బర్ష' అనే సాహిత్య మాసపత్రికనూ నడిపింది. తెలుగువాళ్లు అనువాదాల్లో తనివితీరా చదివిన బెంగాలీ నవలల వెనక మూలధనం శరీర నిర్మాణ శాస్త్రం పుస్తకాలదంటే నవ్వొస్తుంది గానీ, నిజం.

అద్దె గది, మెస్ భోజనం

పుస్తకాలు ఉన్నంత మాత్రాన రచయితలు చేరరు. వాళ్లకు ఉండటానికి చోటు కావాలి, అదీ చవగ్గా. కాలేజ్ స్ట్రీట్‌కు తూర్పున కాస్త నడిస్తే సియాల్దా రైల్వే స్టేషన్. తూర్పు బెంగాల్ జిల్లాల నుంచి చదువులకూ ఉద్యోగాలకూ వచ్చే కుర్రాళ్లు దిగేది అక్కడే. వాళ్లకోసం హారిసన్ రోడ్డు (ఇప్పటి మహాత్మా గాంధీ రోడ్డు), ఆమ్హర్స్ట్ స్ట్రీట్, చుట్టుపక్కల సందుల్లో మెస్సులు వెలిశాయి. పాత మేడ ఇల్లు, గదికి ఇద్దరో నలుగురో, కింద ఉమ్మడి వంట, నెలాఖరుకు లెక్క చూసి పంచుకోవడం. విద్యార్థి, గుమాస్తా, బడిపంతులు, పేరులేని కవి ఒకే వరండాలో బట్టలు ఆరేసుకునేవారు.

మహాయుద్ధం అయ్యాక పటాలం రద్దయి 1920లో తిరిగొచ్చిన కాజీ నజ్రుల్ ఇస్లాం కాలేజ్ స్ట్రీట్ 32వ నంబరు ఇంట్లో దిగాడు. అది ముస్లిం సాహిత్య సమితి ఆఫీసు. అక్కడే ముజఫర్ అహ్మద్‌తో కలిసి ఉన్నాడు. ఒకాయన బెంగాల్ తిరుగుబాటు కవి అయ్యాడు, ఇంకొకాయన దేశంలో కమ్యూనిస్టు పార్టీ పునాదులు వేసినవాళ్లలో ఒకరయ్యాడు. అదే దశాబ్దంలో తూర్పు బెంగాల్‌లోని బరిశాల్ నుంచి వచ్చిన కవి జీవనానంద దాస్ సిటీ కాలేజీలో పాఠాలు చెబుతూ హారిసన్ రోడ్డులోని ప్రెసిడెన్సీ బోర్డింగ్‌లో ఉన్నాడు. ఇలాంటివాళ్లను ఇక్కడికి లాగింది వీధి అందం కాదు. ఈ వీధి ఎప్పుడూ అందంగా లేదు కూడా. పత్రిక ఆఫీసుకు నడిచి వెళ్లొచ్చు, ట్యూషన్ దొరుకుతుంది, ప్రూఫులు దిద్దే పని దొరుకుతుంది, ఏమీ దొరక్కపోతే ఓ స్కూలు పుస్తకానికి నోట్సు రాసి నాలుగు రూపాయలు సంపాదించొచ్చు. రచయిత బతుకు గడవడానికి కావలసిన చిల్లర పనులన్నీ నడక దూరంలో ఉన్నాయి.

ఇదే పద్ధతిలో పండితులూ వచ్చారు, కాకపోతే వాళ్లది మెస్ దారి కాదు, ఆశుతోష్ ముఖర్జీ పిలుపు. వైస్ చాన్సలర్‌గా ఆయన విశ్వవిద్యాలయాన్ని పరీక్షల ఆఫీసు స్థాయి నుంచి బోధన, పరిశోధన స్థాయికి తెచ్చారు. మనుషుల్ని ఏరి ఏరి తెచ్చుకున్నారు. బాల్యం విశాఖపట్నంలో గడిపిన సి.వి.రామన్ అకౌంట్స్ శాఖలో మంచి ఉద్యోగం వదులుకుని 1917లో ఇక్కడ ఫిజిక్స్ ప్రొఫెసర్ అయ్యారు. 1928లో ఆయన పేరు మోసిన ఆవిష్కరణ జరిగిన ప్రయోగశాల బౌబజార్ స్ట్రీట్‌లోనే, కాలేజ్ స్ట్రీట్ దక్షిణపు కొసకు దగ్గర్లో. 1921లో సర్వేపల్లి రాధాకృష్ణన్ మైసూరు నుంచి తత్వశాస్త్ర పీఠానికి వచ్చారు.

నాలుగు సందుల్లో ఒక పుస్తకం

బయటివాళ్లకు కనిపించేది పెద్ద రోడ్డు, ఫుట్‌పాత్ కొట్లు. అసలు యంత్రాంగం పక్క సందుల్లో ఉంటుంది. కాగితం కావాలంటే సియాల్దా వైపు బైఠక్‌ఖానా రోడ్డు. కంపోజింగ్, ప్రింటింగ్, బైండింగ్ చుట్టుపక్కల సందుల్లో. పుస్తకం కుట్టి అట్ట వేసే దఫ్తరీలలో తరతరాలుగా ముస్లిం పనివాళ్లే ఎక్కువ. శ్యామాచరణ్ దే స్ట్రీట్, బంకిం చటర్జీ స్ట్రీట్‌లలో ప్రచురణకర్తల కౌంటర్లు. చేతిరాత ప్రతి ఒక సందులో మొదలై, అట్ట వేసిన పుస్తకంగా రిక్షాలోనో మనిషి నెత్తిమీదో ఇంకో సందులోని కౌంటర్‌కు చేరుతుంది. మొత్తం ప్రయాణం కిలోమీటరు దాటదు.

లిటిల్ మ్యాగజైన్లు, అంటే చిన్న బృందాలు సొంత ఖర్చుతో వేసుకునే సాహిత్య పత్రికలు, ఇక్కడ అన్ని పుట్టడానికి ఇదే కారణం. ఆఫీసు అక్కర్లేదు, గోడౌన్ అక్కర్లేదు. నలుగురు స్నేహితులు తలా కొంత వేసుకుంటే కాగితం వస్తుంది. బడి పుస్తకాల సీజన్ అయిపోయి ప్రెస్ ఖాళీగా ఉన్న రోజుల్లో అయితే తక్కువకే అచ్చేస్తారు, డబ్బు తర్వాత ఇస్తామన్నా ఊరుకుంటారు. మూడు వందల ప్రతులు తీసుకెళ్లి కూడలి దగ్గర పాతిరామ్ స్టాల్‌లో పెడితే, ఆసక్తి ఉన్నవాళ్లు అక్కడికే వచ్చి కొనుక్కుంటారు. సునీల్ గంగోపాధ్యాయ్ తరం కవులు 1953లో 'కృత్తిబాస్' మొదలుపెట్టినా, తర్వాత వందలాది పత్రికలు పుట్టి పోయినా ఆ తోవలోనే. పోయినవాటిని దాచిన మనిషీ ఒకరున్నారు. సందీప్ దత్తా అనే ఉపాధ్యాయుడు 1978లో టేమర్ లేన్‌లోని తన ఇంట్లోనే లిటిల్ మ్యాగజైన్ల లైబ్రరీ పెట్టి, 2023లో కన్నుమూసే దాకా నడిపారు. ఏ విశ్వవిద్యాలయమూ పట్టించుకోని సరుకును ఒక ఇంటి కింది అంతస్తు కాపాడింది.

అమ్మేవాడికీ చదివేవాడికీ మధ్య ఉన్న చనువు కూడా ఈ యంత్రాంగంలో భాగమే. 1886లో మొదలైన దాస్‌గుప్తా అండ్ కో ఇక్కడి పాత దుకాణాల్లో ఒకటి. 1950ల మొదట్లో ప్రెసిడెన్సీలో చదువుతున్న సుఖమొయ్ చక్రవర్తి, ఆర్థికవేత్త కెన్నెత్ యారో 1951లో తెచ్చిన సోషల్ చాయిస్ (వ్యక్తుల ఇష్టాలను కలిపి సమాజ నిర్ణయం ఎలా తేల్చాలనే శాస్త్రం) పుస్తకాన్ని ఆ షాపు నుంచి అరువు తెచ్చాడు. కొనలేదు, అరువే. అది చూసిన తోటి విద్యార్థి అమర్త్య సేన్. ఆ విషయం మీదే ఆయన జీవితమంతా పనిచేశారు, 1998లో నోబెల్ వచ్చింది కూడా చాలావరకు ఆ రంగంలో చేసిన కృషికే. దుకాణదారుడు పుస్తకం అరువివ్వగలిగాడంటే మంచితనం ఒక్కటే కాదు, వెనక టెక్స్ట్ బుక్కుల వ్యాపారం స్థిరంగా నడుస్తుండటం వల్ల కూడా.

కొత్త పుస్తకాల సంగతి అలా ఉంటే ఫుట్‌పాత్ మీద పాతవాటిది వేరే లెక్క. ఏడాది చివర విద్యార్థి తన పుస్తకాలు ఎంతోకొంతకు అమ్మేస్తాడు, జూనియర్ బేరమాడి కొనుక్కుంటాడు. అదే పుస్తకం మూడు నాలుగు చేతులు మారుతుంది. ఎడిషన్ మారిందా, ఏ చాప్టర్ తీసేశారు, ఏ ప్రొఫెసర్ ఏ పుస్తకం చదవమంటాడు అన్నది కొట్టు మీద కూర్చున్న మనిషికి నోటికొచ్చు. సిలబస్ మారిన రోజున అతని దగ్గరున్న సరుకు చిత్తుకాగితం అవుతుంది కాబట్టి, అది తెలుసుకోకపోతే అతనికి గడవదు.

కాఫీ ఎందుకు వచ్చింది

టీ తాగే నగరంలో కాఫీ హౌస్ ఎందుకుంది? 1930ల మాంద్యంలో దక్షిణాది కాఫీ తోటల సరుకు ఎగుమతి దెబ్బతింది. దేశంలోనే గిరాకీ పెంచాలని కాఫీ సెస్ కమిటీ 1936లో బొంబాయిలో తొలి ఇండియా కాఫీ హౌస్ తెరిచింది. ఆ వరుసలోదే 1942లో కాలేజ్ స్ట్రీట్ ఆల్బర్ట్ హాల్‌లో తెరిచినది. ఆ హాలు అప్పటికే చరిత్రకెక్కిన చోటు. 1876లో సురేంద్రనాథ్ బెనర్జీ తదితరులు ఇండియన్ అసోసియేషన్ స్థాపించింది అక్కడే. ఎత్తైన కప్పు, చుట్టూ బాల్కనీ, పొడవాటి రాడ్లకు వేలాడే ఫ్యాన్లు. కర్ణాటక, మద్రాసు తోటల వ్యాపార అవసరం బెంగాలీ కవులకు ఇలా కలిసొచ్చింది. ఫిల్టర్ కాఫీకి అలవాటుపడిన తెలుగు నాలుకకు మాత్రం ఇక్కడి కాఫీ అంత గొప్పగా ఉండదు. పాలు లేనిదాన్ని 'ఇన్‌ఫ్యూజన్' అంటారు. రుచి కోసం అక్కడికి వెళ్లేవాళ్లు బహుశా ఎవరూ లేరు.

వెళ్లేది కూర్చోవడానికి. ఒక కప్పు పెట్టుకుని మూడు గంటలు కూర్చున్నా తలపాగా చుట్టుకున్న సర్వర్ లేవమనడు. దీనికి కారణం సంస్కృతి అని అందరూ అంటారు. యాజమాన్యం మారడం కూడా ఒక కారణం. 1950ల్లో, సెస్ కమిటీ స్థానంలో వచ్చిన కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసేయబోతే, కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె.గోపాలన్ చొరవతో కార్మికులు సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని చేతికి తీసుకోవడం 1957లో మొదలైంది. ఇక్కడిది 1958లో మూతపడి, ప్రొఫెసర్లు అర్జీలు పెట్టి గట్టిగా పట్టుబడితే కార్మికుల సంఘం చేతుల్లో మళ్లీ తెరుచుకుంది. లాభం లాగాలని చూసే యజమాని ఉండి ఉంటే ఆ టేబుళ్లు అంతసేపు ఒకే మనిషికి దక్కేవి కావు.

1961లో 'హంగ్రీ జనరేషన్' పేరుతో మలయ్ రాయ్ చౌధురి బృందం బెంగాలీ కవిత్వం మీద దండెత్తింది. తెలుగులో దిగంబర కవులు రావడానికి నాలుగేళ్ల ముందు మాట. అరెస్టులయ్యాయి, అశ్లీలం కేసు నడిచింది, 1967లో హైకోర్టు మలయ్‌ను నిర్దోషిగా వదిలేసింది. అమెరికన్ కవి అలెన్ గిన్స్‌బర్గ్ 1962లో ఇక్కడి కవులతో కాఫీ హౌస్‌లో కూర్చునేవాడు. ఇవన్నీ బాగా ప్రచారమైన కథలే. కాస్త తక్కువ ప్రచారమైనది ఏమిటంటే, ఆ బల్లల చుట్టూ చాలాకాలం మగవాళ్లే. ప్రెసిడెన్సీలో అమ్మాయిలను మామూలుగా చేర్చుకోవడమే 1940ల్లో గానీ మొదలు కాలేదు. సాయంత్రం ఏడున్నరకు ఇల్లు చేరాల్సిన అమ్మాయికి మూడు గంటల కబుర్ల సాహిత్యంలో ఎంత వాటా దక్కుతుంది? బెంగాలీ రచయిత్రుల జ్ఞాపకాల్లో కాఫీ హౌస్ కన్నా ఇల్లు, రేడియో స్టేషను, పత్రిక ఆఫీసు ఎక్కువగా కనిపిస్తే ఆశ్చర్యం లేదు.

రాజకీయాలు వేరే చెప్పక్కర్లేదు. 1916లో ప్రొఫెసర్ ఓటెన్ మీద దాడి కేసులో సుభాష్ చంద్రబోస్‌ను ప్రెసిడెన్సీ నుంచి పంపేశారు. 1953లో ట్రామ్ టికెట్ ఒక పైసా పెరిగితే నగరమంతా మండింది, విద్యార్థులు ముందున్నారు. నక్సల్బరీ తర్వాత ప్రెసిడెన్సీ కుర్రాళ్లు చదువులు వదిలి పల్లెలకు పోయారు. 1970లో కాలేజ్ స్క్వేర్‌లో విద్యాసాగర్ విగ్రహం తల నరికారు. వలస పాలకుల చదువును పెంచి పోషించినవాడనేది అభియోగం. ఆ చదువుల బజారు మీదే అచ్చయిన కరపత్రాలతో ఆ అభియోగం మోపడం ఈ వీధికే చెల్లింది. ఆ రెండు మూడేళ్లు పరీక్షలు దెబ్బతిన్నాయి, బాంబుల భయానికి షట్టర్లు దిగాయి. పరీక్ష ఆగితే బజారు ఆగినట్టే.

గైడ్ కొనేవాడు రాకపోతే

ఇప్పుడు ఆ వీధిలో నడిస్తే కళ్లకు కనబడేవి నీట్, జేఈఈ, బ్యాంకు పరీక్షలు, సివిల్స్, స్కూల్ సర్వీస్ కమిషన్ పుస్తకాల రంగురంగుల అట్టలు. చూసిన పెద్దలు "సాహిత్యం పోయింది, గైడ్లు మిగిలాయి" అని బాధపడతారు. ఈ బాధ చరిత్రకు నిలవదు. గైడ్లు మొదటినుంచీ ఉన్నాయి, సాహిత్యాన్ని మోసినవీ అవే. కంగారు పడాల్సింది గైడ్లు ఎక్కువైనందుకు కాదు, గైడ్ కొనే కుర్రాడు కాలేజ్ స్ట్రీట్‌కు రావడం తగ్గుతున్నందుకు.

అతను రాకపోవడానికి దారులు చాలా ఉన్నాయి. చిన్న తరగతుల పాఠ్యపుస్తకాలు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. అది మంచి పనే, కానీ ప్రైవేటు వాచకాల వ్యాపారానికి ఆ మేరకు కోత. కోచింగ్ సంస్థలు ఫీజులోనే తమ సొంత 'మెటీరియల్' కట్టగా చేతికిస్తున్నాయి. ఆ కట్ట ఏ బజారులోనూ అమ్మరు, మరుసటి ఏడాది పాత పుస్తకంగా చేతులు మారదు కూడా. తెలుగు రాష్ట్రాల ఇంటర్ విద్యార్థులకు ఇది ఏళ్లుగా అలవాటైన పద్ధతి. ఇక ఫోన్లో పీడీఎఫ్, ఇంటికొచ్చే ఆన్‌లైన్ ఆర్డరు సరే సరి. మెస్సులు పోయి పేయింగ్ గెస్ట్ గదులు వచ్చాయి, అవీ ఎక్కువగా దక్షిణ కలకత్తాలో, సాల్ట్ లేక్, న్యూ టౌన్ వైపు. రచయిత గది అక్కడ, ప్రచురణకర్త కౌంటరు ఇక్కడ. అయినా బెంగాలీ సంవత్సరాది పొయిలా బొయిశాఖ్ నాడు కొత్త ఖాతా పుస్తకం తెరిచే ఆచారం ప్రకారం ప్రచురణకర్తలు రచయితల్ని పిలిచి మిఠాయిలు పెట్టడం, కొందరు రాయల్టీ లెక్క చూడటం ఇప్పటికీ సాగుతోంది.

పారిస్‌లోని లాటిన్ క్వార్టర్ ఇలాంటి పేటల్లో పెద్దన్న. అక్కడ మరో రకంగా జరిగింది. 1968 విద్యార్థి తిరుగుబాటు తర్వాత పారిస్ విశ్వవిద్యాలయాన్ని 13 ముక్కలు చేశారు, చాలా వాటిని వేరే చోట్లకు పంపారు. అద్దెలు విపరీతంగా పెరిగాయి. పాత విశ్వవిద్యాలయ భవనం సోర్బాన్ ముందున్న ప్రసిద్ధ పుస్తకాల దుకాణం మూతపడింది, సెయింట్ మిషెల్ కూడలిలోని జిబేర్ జన్ పుస్తకాల షాపు 2021లో షట్టర్ దించింది. ఈలోగా నగరపాలక సంస్థ మేలుకుని, దుకాణాల స్థలాలు తానే కొని పుస్తక విక్రేతలకు తక్కువ అద్దెకు ఇచ్చే పథకం పెట్టింది. డబ్బున్న నగరం చేయగల పని అది.

కలకత్తాలో అద్దెల వల్ల ఎవరూ పారిపోలేదు. పాత అద్దె చట్టాల పుణ్యమా అని చాలా దుకాణాలు నామమాత్రపు అద్దెకే తరతరాలుగా నడుస్తున్నాయి. కొత్తవాడు రావాలంటే 'సెలామీ' పేరిట పెద్ద మొత్తం ముందు చెల్లించాలి, మన దగ్గర గుడ్‌విల్ అడిగినట్టు. చిన్న ప్రచురణకర్త బతికి ఉన్నది ఈ ఏర్పాటు వల్లే. దీని రెండో మొహం ఎలా ఉంటుందంటే, యజమానికి ఆ అద్దెతో సున్నం వేయించడం కూడా గిట్టదు, అద్దెదారుడికి తనది కాని గోడకు డబ్బు పెట్టాలనిపించదు. రెండు వందల ఏళ్ల పేటలో వందేళ్లు దాటిన మేడలు అలా నానుతూ ఉంటాయి. పాత కాలేజ్ స్ట్రీట్ మార్కెట్‌ను తీసేసి ఆ స్థలంలో పుస్తకాల మాల్ కడతామని 2000లలో పథకం వేశారు, విద్యాసాగర్ వాచకం పేరే పెట్టారు. పని ఏళ్లకేళ్లు సాగింది. వీధిలో నడుస్తూ పుస్తకం చూసే అలవాటును లిఫ్టు ఎక్కించి మూడో అంతస్తుకు పంపడం ఎలాగో ఆ పథకం వేసినవాళ్లు ఆలోచించినట్టు కనిపించదు.

ఈ పాత కట్టడాల ఖరీదు ఎంతో వాన వచ్చినప్పుడు తెలుస్తుంది. ఈ ప్రాంతం పల్లం, డ్రైనేజీ బ్రిటిష్ కాలం నాటిది. గోడౌన్లు, బైండింగ్ షెడ్లు నేలమట్టంలోనే ఉంటాయి, కొన్ని రోడ్డుకన్నా దిగువన. 2020 మే 20న ఆంఫన్ తుపాను వచ్చేనాటికి లాక్‌డౌన్ వల్ల షట్టర్లు రెండు నెలలుగా మూసే ఉన్నాయి. సరుకు పైకి ఎత్తేవాళ్లు లేరు. మరునాడు కాలేజ్ స్ట్రీట్ నీళ్లలో పుస్తకాలు తేలాయి. పాఠకులు చందాలు వేసుకుని కొట్లవాళ్లకు, దఫ్తరీలకు పంచారు. 2025 సెప్టెంబరు 23 తెల్లవారుజామున దుర్గాపూజకు ముందు కుండపోత కురిసి మళ్లీ అదే జరిగింది. పూజల సీజన్ కోసం అచ్చేసి పేర్చిన కొత్త పుస్తకాలు తడిశాయి. తడిసిన టెక్స్ట్ బుక్కు మళ్లీ అచ్చవుతుంది, సిలబస్ ఉంది కనుక. రెండు వందల ప్రతులు వేసిన కవితా సంపుటి మళ్లీ అచ్చవ్వాలంటే ప్రచురణకర్త దగ్గర మిగులు ఉండాలి, ఆ మిగులు ఎక్కడి నుంచి వచ్చేదో పైన చెప్పుకున్నదే. ప్రస్తుతానికి కొందరు ప్రచురణకర్తలు గోడౌన్లలో కింది అరను ఖాళీగా ఉంచడం, ప్రింట్ ఆన్ డిమాండ్‌లో (అవసరమైనన్ని ప్రతులే అచ్చేసే పద్ధతిలో) యాభై, వంద చొప్పున వేసుకోవడం మొదలుపెట్టారు. మురుగు కాలువల పని కార్పొరేషన్ చేతిలో ఉంది.